పిల్లాడు పక్కలెగరేస్తున్నాడని కబురొస్తే: ఆశా, ఏఎన్ఎంలు ఇంటి దగ్గర చేయాల్సిన పని

పత్తి ఏరుడు ఊపందుకున్నప్పటి నుంచి శివరాత్రి దాకా మన నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఏ వాకిట్లోకి పోయినా ఒక పిల్లాడు దగ్గుతూ కనిపిస్తాడు. వాళ్లలో చాలామందిది ఉత్త సర్ది. నాలుగైదు రోజులు ముక్కు కారి అదే పోతుంది, మందు కూడా అక్కర్లేదు. ఆ గుంపులోంచి జబ్బు ఊపిరితిత్తులకు చేరి న్యుమోనియా అయిన, అంటే పక్కలెగరేసే పిల్లాడిని పట్టుకోవడమే మీ పని. దగ్గు ఎంత గట్టిగా ఉందో, జ్వరం ఎంత ఉందో చూసి వాడిని పట్టుకోలేరు. చొక్కా పైకెత్తి, పొట్ట మీద చూపు నిలిపి, నిమిషం లెక్కపెడితేనే దొరుకుతాడు. సబ్‌సెంటర్‌లో చాలా ఏళ్లు పనిచేసిన ఏఎన్ఎంగా, అంటే నర్సుగా, కొత్తగా చేరిన ఆశా చెల్లెళ్లకు నేను మొదట నేర్పేది ఆ నిమిషమే. మందుల సంగతి ఆ తర్వాత.

ముందుగా మీ హద్దు తెలుసుకోండి. కేంద్రం 2019లో మొదలుపెట్టిన 'సాన్స్' అనే న్యుమోనియా నివారణ కార్యక్రమం కింద ఆశా కార్యకర్త న్యుమోనియా గుర్తులు చూసి, అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మొదటి డోసు వేసి, పై ఆస్పత్రికి పంపించవచ్చు. మిగతా కోర్సు, ఇంజెక్షన్లు, ఆక్సిజన్ అన్నీ ఏఎన్ఎం, పల్లె దవాఖాన, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) చూసుకుంటాయి. ఏటా నవంబర్ 12 నుంచి ఫిబ్రవరి 28 వరకు ఈ ప్రచారం జోరుగా నడుస్తుంది. మార్చిలో పోస్టర్లు చినిగిపోయినా న్యుమోనియా మాత్రం పోదు, వానాకాలంలో మళ్లీ ఒకసారి వస్తుంది.

సంచి సర్దుకోవడం

సెకన్లు కనిపించే గడియారం, లేదంటే ఫోన్లో ఒక నిమిషం టైమర్. థర్మామీటర్, బరువు తూచేది, దండ (భుజం కింది చేయి) చుట్టుకొలత టేపు, చిన్న టార్చి, శుభ్రమైన చెంచా, చీటీలు, పెన్ను. అమాక్సిసిలిన్ గడువు తేదీ నెలకోసారి చూడండి. అవసరమైన రాత్రి స్ట్రిప్ తిప్పి చూస్తే గడువు అయిపోయి ఉంటుంది, ఇది ప్రతి ఊళ్లో జరిగేదే.

పుస్తకం మొదటి పేజీలో నంబర్లు రాసిపెట్టుకోండి: ఏఎన్ఎం, పీహెచ్‌సీ డాక్టరు, రాత్రిపూట పిలిస్తే లేచి వచ్చే ఆటో అతను. 108 అందరికీ నోటికొచ్చేదే. చందంపేట, నేరేడుగొమ్ము వైపు తండాల్లో, నల్లమలలోని అప్పాపూర్ లాంటి చెంచు పెంటల్లో పనిచేసేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి: ఫోన్ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది? ఏ బండరాయి ఎక్కితే, ఏ మలుపు దాకా నడిస్తే కాల్ కలుస్తుందో పగటిపూటే చూసి పెట్టుకోండి.

ఇంట్లోకి పోగానే ఏం అడగాలి

"న్యుమోనియా ఉందా?" అని అడిగితే ఎవరికీ ఏమీ తెలియదు. "పక్కలు ఎగరేస్తున్నడా? డొక్క లోపలికి గుంజుతున్నదా? దమ్ము వస్తున్నదా?" అని అడిగితే తల్లి వెంటనే చెబుతుంది. వయసు నెలల్లో అడగండి, ఎందుకంటే లెక్కంతా వయసు మీదే ఆధారపడి ఉంటుంది. "ఏడాది ఉంటది" అంటే ఆగిపోకుండా ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) తెప్పించి పుట్టిన తేదీ చూడండి. పదకొండు నెలలకూ పదమూడు నెలలకూ హద్దు మారిపోతుంది.

దగ్గు ఎన్ని రోజుల నుంచి, జ్వరం ఉందా, పాలు ఎలా తాగుతున్నాడు, ఇప్పటిదాకా ఏం మందు వేశారు, ఇవి అడగాలి. ఈ చివరి ప్రశ్నకు నిజం రాబట్టాలంటే గొంతులో కోపం వినిపించకూడదు. ఆర్‌ఎంపీ (డిగ్రీ లేని ఊరి వైద్యుడు) దగ్గర సూది వేయించి ఉంటారు, అది మీకు చెప్పడానికి జంకుతారు. "ఏం తప్పులేదమ్మా, సీసా ఉంటే చూపియ్యి" అనండి. స్టెరాయిడ్ సూది పడితే జ్వరం దిగి పిల్లాడు ఒక పూట హుషారుగా కనిపిస్తాడు, లోపల రోగం మాత్రం అలాగే ఉంటుంది. అందుకే పైకి కనిపించే హుషారును నమ్మకుండా ఊపిరి లెక్కను నమ్మండి.

ప్రమాద గుర్తులు

పిల్లాడు నిద్రలో ఉంటే ఇదే మంచి సమయం, ముందు ఊపిరి లెక్కపెట్టుకుని తర్వాత లేపండి. మెలకువగా ఉంటే ప్రమాద గుర్తులతో మొదలుపెట్టండి.

పాలు గానీ నీళ్లు గానీ తాగలేకపోతున్నాడా? తల్లి "తాగుతలేడు" అన్నా, "తాగిండు" అన్నా మీ ముందే రొమ్ముకు పట్టించమనండి. రెండు గుక్కలు పీల్చి వదిలేసి ఆయాసపడుతున్నాడంటే అది తాగడం కాదు. తాగిందంతా ప్రతిసారీ కక్కేస్తున్నాడా? ఈ జబ్బులో ఫిట్స్ వచ్చాయా? మా వైపు "గుడ్లు తేలేసిండు" అంటారు, ఆ మాటతోనే అడగండి. చప్పట్లు కొట్టి పిలిచినా, అరికాలు గిల్లినా మత్తుగానే ఉన్నాడా? ఏడవకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా గాలి పీల్చుకుంటుంటే గొంతులో గరుకు చప్పుడు వస్తోందా? పెదాలు, నాలుక నీలంగా ఉన్నాయా? ఊపిరి వదిలేటప్పుడు మూలుగుతున్నాడా?

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ముందు 108కు ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు మిగతాది చూసుకోవచ్చు. మింగగలిగిన పిల్లాడికి మొదటి డోసు వేయండి. మత్తులో ఉన్న పిల్లాడికి, ఫిట్స్‌లో ఉన్న పిల్లాడికి నోట్లో ఏమీ పోయకూడదు. మందైనా సరే, నీళ్లైనా సరే.

ఆ ఒక్క నిమిషం

పిల్లాడు తల్లి ఒళ్లోనే ఉండాలి. మీరు ఎత్తుకోవద్దు, కొత్త మనిషి చేతిలోకి వస్తే ఏడుస్తాడు, ఏడ్చే పిల్లాడి ఊపిరి లెక్కకు రాదు. పాలు తాగేటప్పుడు కూడా లెక్కించకూడదు. తాగడం అయ్యేదాకా ఆగండి. చలికాలం కాబట్టి స్వెట్టరు, లోపల బనియను, మీద తువ్వాలు ఉంటాయి. గాలి తగలని చోట వెలుతురు వైపు కూర్చోబెట్టి, రొమ్ము నుంచి బొడ్డు దాకా కనపడేలా బట్టలు పైకెత్తమనండి. "సలి పెడ్తది" అంటారు. "ఒక్క నిమిషమే, మళ్లీ కప్పేద్దాం" అనండి. బట్టల మీంచి లెక్కపెడితే ఆ లెక్క పనికిరాదు.

పొట్ట పైకి లేచి దిగితే ఒకటి. టైమర్ మోగేదాకా కళ్లు పొట్ట మీదే ఉంచండి. గడియారం వైపు, పొట్ట వైపు మార్చి మార్చి చూస్తే నాలుగైదు ఊపిరులు తప్పిపోతాయి. అందుకే మోగే టైమర్ మంచిది. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించడం పనికిరాదు. చిన్నపిల్లల ఊపిరి ఒక తీరుగా సాగదు, కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా ఉంటుంది. నిమిషం అంటే నిండా అరవై సెకన్లు.

నలభై దాటాక లెక్క తడబడుతుంది. దానికి వేళ్లు వాడుకోండి. పది ఊపిరులకు ఒక వేలు మడవండి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. టైమర్ మోగేసరికి:

రెండు నెలల లోపు పసిగుడ్డుకు అరవై, అంటే ఒక చెయ్యి నిండి రెండో చేతిలో ఒక వేలు మడిచారంటే ఎక్కువ. రెండు నెలలు నిండి ఏడాది నిండని బిడ్డకు యాభై, ఒక చెయ్యి నిండితే ఎక్కువ. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వాళ్లకు నలభై, నాలుగు వేళ్లు మడిచారంటే ఎక్కువ.

అంటే తొమ్మిది నెలల బిడ్డకు 54 వస్తే ఊపిరి వేగంగా ఉన్నట్టు. పది నెలల బిడ్డకు 46 అయితే కాదు. అదే 46 పద్నాలుగు నెలల పిల్లాడికి వస్తే వేగంగా ఉన్నట్టే. అంచు మీద, 49 అనో 39 అనో వస్తే కాసేపాగి మళ్లీ లెక్కపెట్టండి. "జ్వరం ఉంది కదా, అందుకే ఊపిరి ఎక్కువుంది" అని సర్దిచెప్పుకుని వదిలేయొద్దు.

ఈ వేళ్ల ఉపాయం వెనక పాత సంగతి ఒకటుంది. ప్రాణహిత అవతల, మనకు ఆనుకునే ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1980ల చివర్లో ఊరి ఆరోగ్య కార్యకర్తలకు, చదువురాని మంత్రసానులకు కూడా న్యుమోనియా గుర్తించడం నేర్పారు. పది ఊపిరులకు ఒక పూస జరుపుతూ లెక్కించే పరికరం తయారుచేసి ఇచ్చారు. ఊరివాళ్లే గుర్తించి మందు వేసిన ఆ ప్రాంతంలో పిల్లల చావులు తగ్గాయని 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. ఆశా చేతికి ఈ మందు ఇవ్వవచ్చన్న నమ్మకం అలాంటి చోట్ల మొదలైంది. కాబట్టి "మేమేం డాక్టర్లమా" అని వెనక్కి తగ్గకండి.

డొక్క లోపలికి పోతోందా

లెక్క అయ్యాక బట్టలు దించకముందే ఇంకో అర నిమిషం చూడండి. మామూలుగా గాలి పీల్చినప్పుడు ఛాతీ, పొట్ట రెండూ పైకి లేస్తాయి. జబ్బు ముదిరిన పిల్లాడు పీల్చినప్పుడు ఛాతీ కింది భాగం, పక్కటెముకల అడుగున, లోపలికి పోతుంది, పొట్ట మాత్రం కొలిమి తిత్తిలా పైకి ఉబుకుతుంది. ప్రతి ఊపిరికీ, ఏడవకుండా ఉన్నప్పుడు కూడా అలా పోతుంటేనే లెక్కలోకి తీసుకోండి. ఏడుస్తున్నప్పుడో పాలు తాగుతున్నప్పుడో మాత్రమే కనిపిస్తే అది కాదు. మెడ కింద గుంట పడటం, రెండు పక్కటెముకల మధ్య చర్మం లాగడం వేరు, కింది డొక్క పోవడం వేరు. మీరు చూడాల్సింది రెండోది. పిల్లాడు మడతపడి కూర్చుంటే ఇది తెలియదు, తల్లి ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి చూడండి.

డొక్క లోపలికి పోతే ఊపిరి లెక్క తక్కువ వచ్చినా పంపాల్సిందే. బాగా అలిసిపోయిన పిల్లాడికి ఊపిరి నెమ్మదించడం కూడా ఉంటుంది, అది మంచి గుర్తు కాదు. ప్రమాద గుర్తులు లేకుండా డొక్క మాత్రమే పోతుంటే నోటి మందుతో ఇంటి దగ్గరే నయం చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 నుంచి చెబుతోంది. కానీ ఆ తీర్మానం డాక్టరు పిల్లాడిని చూసి చేయాల్సింది, వాకిట్లో నిలబడి మనం చేసేది కాదు.

బాగా బక్కచిక్కిన పిల్లలతో జాగ్రత్త. దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్న పిల్లాడిలో న్యుమోనియా ఉన్నా గుర్తులు సరిగా బయటపడకపోవచ్చు. దగ్గు, జ్వరం ఉంటే చాలు, వాడిని డాక్టరు చూడాలి.

పల్స్ ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) ఉన్న ఏఎన్ఎంలకు ఒక మాట. పెద్దవాళ్ల వేలి క్లిప్పు పసిపిల్లల వేలికి సరిగా కూర్చోదు, అంకె తప్పు చూపిస్తుంది. పిల్లల ప్రోబ్ ఉంటే కాలి బొటనవేలికి పెట్టండి. పాదం చల్లగా ఉంటే ముందు రుద్ది వెచ్చబెట్టండి. గోరింటాకు ఉన్న వేలు వద్దు. అంకె నిలకడగా ఆగేదాకా చూడండి. 90 కంటే తక్కువ ఉంటే ఆ పిల్లాడికి ఆక్సిజన్ కావాలి, 108 వాళ్లకు ఫోన్లోనే ఆ మాట చెప్పండి. 90కీ 94కీ మధ్య ఉన్నా డాక్టరుకు చూపించాలి. అంకె బాగుందని ప్రమాద గుర్తులను కొట్టిపారేయకండి.

రెండు నెలల లోపు పసిగుడ్డు లెక్కే వేరు

వీళ్లకు దగ్గు కూడా ఉండకపోవచ్చు. ఉత్తగా పాలు మానేస్తారు. ఒళ్లు వేడిగా లేదా చల్లగా ఉంటుంది (37.5 డిగ్రీల సెల్సియస్ లేదా ఆపైన, లేదంటే 35.5 కంటే తక్కువ), కదలిక తగ్గుతుంది, ఊపిరి అరవై లేదా ఆపైన ఉంటుంది. అరవై వచ్చినా, దాటినా ఇంకోసారి లెక్కపెట్టి ఖాయం చేసుకోండి. ఈ వయసులో డొక్క కొద్దిగా పోవడం మామూలే, బాగా లోతుగా పోతేనే గుర్తుగా తీసుకోవాలి. ఏ ఒక్క గుర్తున్నా ఆస్పత్రే, ఇంటి వైద్యం మాట లేదు. మందు గురించి ఏఎన్ఎంతోనో డాక్టరుతోనో ఫోన్లో మాట్లాడి వాళ్లు చెప్పినట్టు చేయండి, ఆ పేరుతో బండిని మాత్రం ఆపకండి. దారిలో బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా పెట్టి పైన చీర చుట్టమనండి. తాగగలిగితే పాలు ఇస్తూనే ఉండాలి. బాలింత ఇళ్లకు మూడో రోజు, ఏడో రోజు అంటూ నలభై రెండో రోజు దాకా పోతారు కదా, ఆ ప్రతిసారీ జబ్బు లేకపోయినా ఊపిరి లెక్కపెట్టండి. మంచిగా ఉన్న బిడ్డ ఊపిరి ఎలా ఉంటుందో కన్ను పట్టేది అప్పుడే.

మొదటి డోసు

రెండు నెలలు దాటిన పిల్లలకు అమాక్సిసిలిన్ బరువును బట్టి వేయాలి, పూటకు కిలోకు సుమారు 40 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు. నీళ్లలో కరిగే 250 మిల్లీగ్రాముల మాత్రతో లెక్క ఇలా ఉంటుంది:

- 4 నుంచి 10 కిలోల లోపు (ఇంచుమించు 2–12 నెలలు): పూటకు 1 మాత్ర
- 10 నుంచి 14 కిలోల లోపు (ఇంచుమించు 1–3 ఏళ్లు): పూటకు 2 మాత్రలు
- 14 నుంచి 19 కిలోల వరకు (ఇంచుమించు 3–5 ఏళ్లు): పూటకు 3 మాత్రలు

ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక. మీ పీహెచ్‌సీ మీకిచ్చిన చార్టులో వేరుగా ఉంటే ఆ చార్టునే పాటించండి. సిరప్ అయితే సీసా మీద బలం చదవకుండా మూత తీయకండి. 5 మిల్లీలీటర్లకు 125 ఉన్నవీ, 250 ఉన్నవీ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

వేసేముందు అడగండి: ఇంతకుముందు ఈ రకం మందుకు ఒళ్లంతా దద్దుర్లు రావడం, ముఖం వాయడం జరిగిందా? జరిగి ఉంటే వేయొద్దు, డాక్టరుకు ఫోన్ చేయండి. లేదంటే చెంచాలో కాచి చల్లార్చిన నీళ్లుగానీ పిండిన తల్లిపాలుగానీ పోసి మాత్ర వేస్తే కరుగుతుంది. పిల్లాడిని కాస్త నిటారుగా పట్టుకుని, బుగ్గ పక్కనుంచి కొద్దికొద్దిగా పోయాలి. ముక్కు మూసి, వెల్లకిలా పడేసి పోస్తే పొరబోయి అదే ఇంకో ముప్పు తెస్తుంది. అరగంటలోపు కక్కితే అదే డోసు మళ్లీ వేయండి.

చీటీ మీద రాయండి: పేరు, నెలల వయసు, బరువు, ఊపిరి లెక్క, డొక్క పోతోందా, ఏ ప్రమాద గుర్తు ఉంది, ఏ మందు ఎంత, ఏ టైముకు వేశారు. ఆర్‌ఎంపీ వేసిన సూది సీసా ఉంటే చీటీతో పాటే కట్టి ఇవ్వండి. అక్కడి డ్యూటీ డాక్టరుకు రెండో డోసు ఎప్పుడు వేయాలో తెలిసేది ఈ చీటీ వల్లే.

కదలని ఇంటిని కదిలించడం

నిజం చెప్పాలంటే పనిలో కష్టమైన భాగం ఇదే. లెక్క నేర్చుకోవడం ఒక పూట పని. "ఆస్పత్రికి పదండి" అన్నాక ఇంట్లోవాళ్లు లేవకపోతే ఏం చేయాలో ఏ ట్రైనింగులోనూ సరిగా చెప్పరు.

ముందు నిర్ణయం ఎవరిదో కనుక్కోండి. చాలా ఇళ్లలో తల్లికి పోవాలని ఉంటుంది, మాట అత్తది. మొగుడు హైదరాబాద్‌లోనో పుణెలోనో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. అవ్వ అంటుంది, "నిన్ననే సూది ఏయించినం బిడ్డా, రేపటిదాక సూద్దాం." ఇక్కడ ఆర్‌ఎంపీని తిడితే మాట అక్కడితో తెగిపోతుంది, ఎందుకంటే అర్ధరాత్రి తలుపు తీసింది అతనే. అవ్వను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. "అవ్వా, ఈడ సూడు, గాలి పీల్చినప్పుడు డొక్క లోపలికి పోతున్నదా లేదా? పెద్దోని పొట్ట కూడా పక్కన పెట్టి సూడు." అన్న పొట్ట, తమ్ముడి పొట్ట పక్కపక్కన చూపిస్తే అవ్వే "అయ్యో, పోతున్నది బిడ్డా" అంటుంది. మీరు వంద మాటలు చెప్పినా ఆమె కళ్లతో చూసినదానికి సాటిరావు.

అప్పుడు అడ్డం ఏమిటో సూటిగా అడగండి. పైసలా? మేకలు చూసేవాళ్లు లేరా? పెద్దపిల్ల ఒక్కతే ఉంటుందా? రేపు పత్తికి పోతానని మాటిచ్చిందా? అడ్డం పేరు బయటికొస్తే దారి దొరుకుతుంది. 108కు పైసా ఇవ్వనక్కర్లేదు. జేఎస్ఎస్‌కే (జననీ శిశు సురక్షా కార్యక్రమం) కింద ఏడాదిలోపు పిల్లలకు ప్రభుత్వ ఆస్పత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు, రానుపోను బండి ఉచితం. మేకలకు పక్కింటామెను మీరే అడగండి. ఫోన్ కలిస్తే తండ్రితో మీరే మాట్లాడండి. "ఆశా అక్క చెప్పింది, మీ కొడుకు పొమ్మన్నడు" అని కోడలు అంటే అత్త కూడా కాదనదు.

కొందరు నేరుగా హైదరాబాద్‌లోని పిల్లల పెద్దాస్పత్రి నీలోఫర్‌కే పోదామంటారు. ఊపిరాడని పిల్లాడిని ఆక్సిజన్ లేకుండా అంతదూరం కారులో పట్టుకుపోవద్దు. ముందు దగ్గరి ఆస్పత్రి, అక్కడ ఆక్సిజన్, ఇంజెక్షన్ పడ్డాక అవసరమైతే వాళ్లే పై దవాఖానకు రాస్తారు. దేవరకొండ, అచ్చంపేట లాంటి చోట్ల ఏరియా ఆస్పత్రులున్నాయి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటల్లో ఇప్పుడు మెడికల్ కాలేజీ జనరల్ ఆస్పత్రులున్నాయి. రాత్రిపూట ఎక్కడ పిల్లల డాక్టరు ఉంటారో చలికాలం మొదట్లోనే ఏఎన్ఎంతో కలిసి కనుక్కుని పెట్టుకోండి.

అన్నీ చేసినా రానంటే ఇంటిమీద అలిగి రాకండి. వెంటనే ఏఎన్ఎంకు, డాక్టరుకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన ప్రకారం మందు నడిపించి, తెల్లారి మళ్లీ వెళ్లి లెక్కపెట్టండి. రాత్రి కాదన్న అవ్వలు తెల్లారేసరికి చాలామంది మెత్తబడతారు.

ఉత్త సర్ది అని తేలితే

ఊపిరి లెక్క హద్దులోపే ఉండి, డొక్క పోకుండా, ప్రమాద గుర్తులు లేకుండా ఉంటే యాంటీబయాటిక్ వేయొద్దు. సంచిలో ఉంది కదా, తల్లి అడుగుతోంది కదా అని వేస్తే ఆ మందు రేపు పనిచేయకుండా పోతుంది. పాలు ఎక్కువసార్లు ఇవ్వమనండి, ముక్కు మూసుకుపోతే ఉప్పునీటి చుక్కలు వేసి మెత్తని గుడ్డతో తుడవమనండి. ఆరు నెలలు దాటిన వాళ్లకు గోరువెచ్చని నీళ్లు, ఏడాది దాటిన వాళ్లకు తేనె నాకించడం మంచిదే. ఏడాదిలోపు తేనె వద్దు.

దగ్గు సిరప్ అడుగుతారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ తర్వాత కేంద్రం రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వొద్దని, ఐదేళ్లలోపు వాళ్లకూ మామూలుగా అవసరం లేదని చెప్పింది. ఆ సంగతి చాలామంది టీవీలో చూశారు, కాబట్టి ఇప్పుడు చెబితే వింటున్నారు.

ముక్కులో ఆముదం చుక్కలు వేయడం మాన్పించండి, నూనె ఊపిరితిత్తుల్లోకి జారి కొత్త న్యుమోనియా తెస్తుంది. కర్పూరం పసిపిల్లల ఒంట్లోకి పోతే ఫిట్స్ రావచ్చు, రొమ్ముకు రాయడం, వాసన పట్టడం వద్దు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ పట్టడం అలవాటున్న ఇళ్లలో కనీసం దగ్గు ఉన్నన్ని రోజులైనా ఆపించండి. పొట్ట మీద వాతలు పెట్టిన మచ్చలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంటాయి. చూసినప్పుడు అరవకండి, కానీ మళ్లీ పెట్టకుండా చూడండి.

బయటికొచ్చే ముందు తల్లితో నాలుగు మాటలు తిరిగి చెప్పించుకోండి: పాలు తాగకపోయినా, ఊపిరి ఇంకా గబగబా తీసినా, డొక్క పోయినా, జ్వరం ఎక్కువైనా వెంటనే కబురు చెయ్యాలి. "తెలిసిందా" అని అడిగితే అందరూ తల ఊపుతారు. "ఏం చూస్తే ఫోన్ చేస్తవు?" అని అడగండి.

మళ్లీ పోవడం

మందు నడుస్తున్న పిల్లాడిని రెండు రోజులకు మళ్లీ చూడాలి. ఊపిరి తగ్గిందా, జ్వరం దిగిందా, పాలు బాగా తాగుతున్నాడా? తగ్గితే డాక్టరు రాసిన రోజులన్నీ, మామూలుగా ఐదు రోజులు, మందు పూర్తి చేయించండి. మూడో రోజుకే ఆడుకుంటున్నాడని ఆపేసి మిగిలిన మాత్రలు ఇంకో పిల్ల కోసం గూట్లో దాచిపెడతారు. ఖాళీ స్ట్రిప్ చూపించమని అడగండి. తగ్గకపోతే మందు మార్చాలి, అది ఆస్పత్రి పని. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష కోసం డాక్టరుకు చూపించాలి.

ఆ పోయినప్పుడే పొయ్యి ఎక్కడుందో చూడండి. పత్తికట్టె, కందికట్టె మండించే పొయ్యి పక్కనే ఉయ్యాల కట్టి ఉంటే ఉయ్యాల జాగా మార్పించండి. గ్యాస్ సిలిండర్ ఉన్న ఇళ్లలో కూడా నీళ్లు కాగేది కట్టెల మీదే. బీడీ తాగే తాతకు మనవడిని ఎత్తుకుని తాగొద్దని చెప్పడం మీకు ఇబ్బందే, కానీ చెప్పాలి.

టీకా కార్డు కూడా అడగండి. న్యుమోకోకల్ టీకా, పీసీవీ, 2021 నుంచి దేశమంతా ఉచితంగా వేస్తున్నారు: ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు. ఐదు జబ్బులను ఆపే పెంటావాలెంట్ ఆరు, పది, పద్నాలుగు వారాలకు. తొమ్మిది నెలలకు తట్టు, రుబెల్లా టీకా. వలస పోయే ఇళ్లలో తప్పిపోయేది ఎక్కువగా పద్నాలుగు వారాల డోసే. దసరా తర్వాత మూట సర్దుకుని పోయేవాళ్లకు పోయే ముందే కార్డు ఫోటో ఫోన్లో తీయించండి, పుణె అయినా భీవండి అయినా అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో ఆ ఫోటో చూపించి టీకా వేయించుకోవచ్చని చెప్పండి. సంక్రాంతికి ఎవరెవరు ఊరికొచ్చారో పండగ మర్నాడే తెలుసుకుని, కార్డులు చూసి, మళ్లీ బస్సెక్కకముందే ఆ వారం టీకా రోజుకు పిలవండి.